ఖాకీ విప్పిన తరువాత

ముప్పై ఏళ్ళు ఖాకీ చొక్కా తొడుక్కున్న మనిషి ఒకనాడు దాన్ని విప్పి కొయ్యకు తగిలిస్తాడు. మర్నాటి నుండి సెల్యూట్లు ఉండవు. గుమ్మం ముందు జీపు ఉండదు. ఆయన వస్తుంటే బీడీ దాచుకునేవాళ్ళు ఉండరు. అలా విశ్రాంతి పొందినవారిలో కొందరు సొంత ఊరు చేరి పొలం చూసుకుంటారు. కొందరు కంపెనీల్లో కాపలా సిబ్బందికి పెద్దగా చేరతారు. కొందరు రాజకీయాల్లోకి వెళతారు. మరికొందరు సుద్దముక్క పట్టుకుని తరగతి గదిలో అడుగుపెడతారు. నేరమంటే ఏమిటి, దర్యాప్తు ఎలా సాగాలి, శిక్ష ఎందుకు వేయాలి అని యువతీ యువకులకు పాఠం చెబుతారు.

ఇక్కడ ఒక ధర్మసందేహం కలుగుతుంది. లాఠీ పట్టిన చేతికి న్యాయం బోధించే హక్కు ఉందా?

మన చుట్టూ దీనికి రెండు సమాధానాలు వినిపిస్తాయి. "ఆయన కాకపోతే ఇంకెవరు చెబుతారు? పుస్తకం చదివినవాడికి ఏం తెలుసు, దొంగను పట్టినవాడికి తెలుస్తుంది గాని" అనేది మొదటిది. "ఎలుకకు పిల్లి సాక్ష్యమా?" అనేది రెండోది. రెండింటిలోనూ కొంత నిజముంది. కాని రెండూ తొందరపాటు తీర్పులే. ఈ ప్రశ్నను మాటలతో తేల్చడం కష్టం గనుక, ఒక మనిషి జీవితాన్ని దగ్గరగా చూద్దాం.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో బర్క్‌లీ అనే విశ్వవిద్యాలయ పట్టణం ఉంది. 1876లో పుట్టిన ఆగస్ట్ వోల్మర్ ఆ ఊళ్ళో ఉత్తరాలు పంచే పోస్టుమాన్. అంతకు ముందు 1898లో సైనికుడిగా ఫిలిప్పీన్స్ వెళ్ళివచ్చారు. కళాశాల చదువు లేదు. 1904లో అదుపు తప్పి దొర్లిపోతున్న ఒక రైలు వాగనుపైకి దూకి, అది ప్రయాణికుల బండిని గుద్దుకోకముందే బ్రేకు వేసి ఆపారు. ఆ సాహసంతో ఆయన పేరు ఊరంతా తెలిసింది. మరుసటి ఏడు, 1905లో, పట్టణ ప్రజలు ఆయనను మార్షల్‌గా, అంటే తమ పోలీసు పెద్దగా ఎన్నుకున్నారు. 1909లో ఆయన పోలీస్ చీఫ్ అయ్యారు. మధ్యలో కొద్దికాలం ఇతర నగరాల్లో పనిచేసినా, 1932లో విశ్రాంతి తీసుకునే వరకు బర్క్‌లీ పోలీసు శాఖకు ఆయనే పెద్ద.

ఆ రోజుల్లో అమెరికాలో పోలీసు ఉద్యోగానికి చదువు అక్కరలేదు. కండబలం, రాజకీయ నాయకుడి సిఫారసు ఉంటే చాలు. వోల్మర్ 1908లోనే తన కానిస్టేబుళ్ళ కోసం ఒక పాఠశాల పెట్టారు. 1916లో అలెగ్జాండర్ కిడ్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడితో కలిసి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వేసవి తరగతులు మొదలుపెట్టారు. 1929లో షికాగో విశ్వవిద్యాలయం ఆయనను పోలీసు పరిపాలనా శాస్త్రానికి ఆచార్యుడిగా పిలిచింది. పదవీ విరమణ తరువాత బర్క్‌లీలోనే, తాను కాపలా కాసిన విశ్వవిద్యాలయంలోనే, ఆచార్య పీఠం ఎక్కారు. ఒకప్పుడు ఆ ప్రొఫెసర్ల ఇళ్ళకు ఉత్తరాలు తెచ్చి ఇచ్చిన మనిషి వారి పక్కనే ప్రొఫెసరుగా కూర్చున్నారు. 1941 డిసెంబరు చివర పోలీసు విద్యను బోధించేవారు కొందరు ఆయన ఇంట్లో సమావేశమై ఒక సంఘం స్థాపించుకున్నారు. అదే పెరిగి పెద్దదై నేడు అమెరికన్ నేరశాస్త్ర సంఘంగా ఉంది. 1955లో ఆయన మరణించే నాటికి నేర న్యాయం విశ్వవిద్యాలయాల్లో చదవదగిన విద్యగా నిలదొక్కుకుంది.

ఇంతకీ ఆయన ఏం బోధించారు? అసలు విషయం ఇదే.

అనుమానితుడిని గదిలో వేసి, నిద్ర లేకుండా, తిండి లేకుండా, దెబ్బలు కొట్టి నేరం ఒప్పించడాన్ని థర్డ్ డిగ్రీ అంటారు. ఆ మాట మన పల్లెల్లో కూడా అందరికీ తెలుసు. వోల్మర్ తన ఠాణాలో దానిని నిషేధించారు. "నాలుగు తగిలిస్తే నిజం అదే బయటికొస్తుంది" అనే మాటను ఆయన పోలీసుగా ఉంటూనే కాదన్నారు. నాలుగు తగిలిస్తే బయటికొచ్చేది నిజం కాదు. కొట్టేవాడు ఏ మాట వినాలనుకుంటున్నాడో ఆ మాట. దెబ్బలు ఆగితే చాలునని మనిషి ఏదైనా ఒప్పుకుంటాడు. అప్పుడు నిరపరాధి జైలుకు పోతాడు, అసలు దోషి వీధిలో తిరుగుతాడు. ఈ విధంగా ఒక్క దెబ్బతో రెండు అన్యాయాలు జరుగుతాయి. 1931లో అమెరికా ప్రభుత్వం నియమించిన వికర్‌షామ్ కమిషన్ తన నివేదికలు వెలువరించింది. వాటిలో పోలీసు వ్యవస్థను గూర్చిన నివేదికకు బాధ్యత వహించినది వోల్మరే. అదే వరుసలో వచ్చిన మరో నివేదిక థర్డ్ డిగ్రీ దేశమంతటా ఎంతగా పాతుకుపోయిందో బయటపెట్టింది.

ఆయన ధైర్యానికి ఇంకా ఉదాహరణలున్నాయి. 1919లో వాల్టర్ గోర్డన్ అనే నల్లజాతి యువకుణ్ణి తన శాఖలో ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఆ కాలంలో అది చిన్న సంగతి కాదు. ఉద్యోగం చేస్తూనే న్యాయశాస్త్రం చదువుకున్న గోర్డన్ తరువాతి కాలంలో ఒక ప్రాంతానికి గవర్నరుగాను, ఫెడరల్ న్యాయమూర్తిగాను పనిచేశారు. 1936లో ప్రచురించిన గ్రంథంలో వోల్మర్ మరో మాట రాశారు. మత్తుమందుకు బానిసైనవాడి సమస్య పోలీసులు తీర్చేది కాదు, అది వైద్యులు చూడవలసింది అని. అలాంటివారిని ఎందరినో పట్టుకుని, జైలుకు పంపి, వారు మళ్ళీ మళ్ళీ తిరిగి రావడం చూసిన మనిషి అన్నమాట ఇది. గ్రంథాలయంలో కూర్చున్నవారు ఈ మాట అంటే "మీకేం తెలుసు" అని నోరు మూయించవచ్చు. వోల్మర్‌ను అలా అనడం ఎవరి తరం?

మొదటి సమాధానం చెప్పేవారి బలం ఇందులో ఉంది. తన వృత్తిలోని చీకటి గదిని లోపలి నుండి చూసినవాడే దాని తలుపు ఎటు ఉందో చూపగలడు.

కాని పాఠకులారా, కథ ఇక్కడితో ఆగితే అది అర్ధసత్యమే అవుతుంది. అదే వోల్మర్ తన తరగతుల్లో మరో సంగతి కూడా బోధించారు. నేర స్వభావం వంశపారంపర్యంగా వస్తుందని, కొన్ని జాతులవారిలో అది ఎక్కువని ఆ కాలంలో ప్రచారంలో ఉన్న సిద్ధాంతాలకు ఆయన పాఠాల్లో చోటు ఇచ్చారు. ఫిలిప్పీన్స్‌లో విదేశీ సైన్యం లొంగదీసుకున్న జనంపై ప్రయోగించిన పద్ధతులను తన ఊరి వీధుల్లోకి తెచ్చారు. ఈ తరం పరిశోధకులు ఈ విషయాలను గట్టిగానే ఎత్తిచూపారు. నల్లజాతి యువకుడికి తలుపు తెరిచిన మనిషే ఇలాంటి పాఠం ఎలా చెప్పారని మనకు ఆశ్చర్యం కలగవచ్చు. కాని మనుషులు అలాగే ఉంటారు. ఒక విషయంలో తన కాలాన్ని దాటి నడిచినవాడు మరో విషయంలో ఆ కాలానికే బందీగా ఉంటాడు.

ఇలాంటి పాఠం ఎంత హాని చేస్తుందో తెలుసుకోవడానికి మనం అమెరికా వెళ్ళనక్కరలేదు. 1892లో ముల్లాలీ అనే మద్రాసు పోలీసు అధికారి మద్రాసు రాజధానిలోని "నేర వర్గాల"ను గూర్చి ఒక పుస్తకం రాశాడు. అదీ అనుభవం పేరిట వచ్చినదే. ఏ కులంవారు ఎలా దొంగతనం చేస్తారో, ఎలా గుర్తుపట్టాలో అందులో వివరించాడు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి కూడా వర్తించింది. పొట్టకూటికి ఊరూరా తిరిగే ఎరుకల కుటుంబాలు పుట్టుకతోనే దొంగలనే ముద్ర వేయించుకున్నాయి. వారిని తెచ్చి ఉంచిన ఊళ్ళలో బాపట్ల దగ్గరి స్టువర్టుపురం ఒకటి. పేర్లు నమోదు చేయించుకోవాలి, హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటరాదు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది. కాని ఆ ఊరి పేరు చెబితే పెళ్ళి సంబంధం, ఉద్యోగం చేజారిపోయే రోజులు ఆ తరువాత కూడా చాలాకాలం నడిచాయి. తొట్టెలో ఉన్న బిడ్డ ఏ నేరం చేసింది? ఎవరి అనుభవమో పాఠమైంది. పాఠం చట్టమైంది. చట్టం ఆ బిడ్డ నుదుటి రాత అయింది.

ఇప్పుడు మన ప్రశ్న మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఒకే మనిషి, ఒకే అనుభవం. అందులో నుండి థర్డ్ డిగ్రీ తప్పనే వెలుగూ వచ్చింది, కొందరు పుట్టుకతోనే నేరస్థులనే చీకటీ వచ్చింది. అనుభవమే గొప్ప గురువైతే రెండూ ఎలా సాధ్యం?

జవాబు కోర్టులోనే ఉంది. కోర్టులో సాక్షి వేరు, న్యాయమూర్తి వేరు. సాక్షి తాను చూసింది చెబుతాడు. అతను లేనిదే కేసు నడవదు. కాని అతను చెప్పగానే అది తీర్పు అయిపోదు. ఎదుటి వకీలు లేచి ప్రశ్నిస్తాడు. "నువ్వు ఎక్కడ నిలబడి చూశావు? అప్పుడు వెలుతురు ఉందా? అతనితో నీకు పాతపగ ఉందా?" ఈ ప్రశ్నలకు నిలిచిన సాక్ష్యానికే విలువ. అనుభవం కూడా అంతే. అది సాక్షి. న్యాయమూర్తి కాదు.

ఠాణాలో ముప్పై ఏళ్ళు కూర్చున్నవాడు ఎవరిని చూస్తాడు? పట్టుబడినవారిని చూస్తాడు. పట్టుబడేవారిలో పేదలు ఎక్కువ, వకీలును పెట్టుకోలేనివారు ఎక్కువ, ముందే ముద్రపడిన కులాలవారు ఎక్కువ. రోజూ వారినే చూసే కన్ను "నేరం వీరిలోనే ఉంది" అనుకోవడం సహజం. కాని ఆ కన్ను ఎక్కడ నిలబడి చూసింది? ఠాణా గుమ్మంలో నిలబడి. పెద్ద బంగళాలో జరిగే మోసం ఆ గుమ్మం దాకా రాదు. వోల్మర్ థర్డ్ డిగ్రీ విషయంలో తన వృత్తిని తానే ప్రశ్నించారు గనుక సత్యానికి దగ్గరయ్యారు. వంశం, జాతి విషయంలో ప్రశ్నించలేదు గనుక దూరమయ్యారు. రెండు చోట్లా ఆయన అనుభవానికి లోటు లేదు. లోటు పడింది ప్రశ్నకే.

ఒక మంచి ఉద్దేశం కూడా ప్రశ్నకు అతీతం కాదని చెప్పడానికి మరో నిదర్శనముంది. కొట్టకుండానే నిజం తెలుసుకోవాలనే తపనతో వోల్మర్ ప్రోత్సహించగా, ఆయన శాఖలోని జాన్ లార్సన్ అనే యువ అధికారి 1921లో అబద్ధాలు పసిగట్టే యంత్రాన్ని రూపొందించాడు. రక్తపోటునూ, శ్వాసనూ కొలిచే యంత్రం అది. లాఠీకి బదులు యంత్రం వచ్చిందని ఎందరో సంతోషించారు. కాని భయపడిన నిర్దోషి గుండె కూడా వేగంగానే కొట్టుకుంటుంది. ఆ యంత్రాన్ని వాడిన తీరు చూసి తరువాత లార్సనే విమర్శించాడు. మన సుప్రీంకోర్టు 2010లో సెల్వీ కేసులో తీర్పు చెబుతూ, మనిషి ఇష్టం లేకుండా ఆ పరీక్షను గాని, నార్కో పరీక్షను గాని జరపరాదని స్పష్టం చేసింది. నిన్నటి మందు నేడు మరో జబ్బు కాకుండా చూసుకోవాలంటే ప్రశ్న ఆగకూడదు.

ఒప్పుకోలును గూర్చి కథోలికులమైన మనకు కొంత తెలుసు. పాపసంకీర్తన గూటి ముందు మోకరిల్లినవాడిని ఎవరూ ఈడ్చుకురారు. తన కాళ్ళతో తానే వస్తాడు. అందుకే ఆ మాటకు విలువ. బలవంతంగా రాబట్టిన ఒప్పుకోలు చెల్లదని 866లోనే మొదటి నికొలాస్ పోపుగారు బల్గేరియా ప్రజలకు రాసిన లేఖలో బోధించారు. అయినా 1252లో నాలుగవ ఇన్నోసెంట్ పోపుగారు మతవిరోధుల విచారణలో హింసకు అనుమతి ఇచ్చారు. 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథం హింసను ఖండిస్తూ, గతంలో శ్రీసభ కాపరులు కూడా ఇలాంటి క్రూర పద్ధతులను ఎదిరించక ఊరుకున్నారని దాచకుండా చెప్పింది. దాదాపు నాలుగు వందల ఏళ్ళ ముందే చెప్పిన మంచి పాఠాన్ని కూడా మరచిపోవచ్చని ఇది మనకు నేర్పుతుంది. తప్పును బోధనలోనే ఒప్పుకున్న గురువు మాటకు బరువు తగ్గదు, పెరుగుతుంది.

మన దేశ చట్టం కూడా ఈ విషయంలో జాగ్రత్తపడింది. పోలీసు అధికారి ఎదుట చేసిన ఒప్పుకోలును ముద్దాయికి వ్యతిరేకంగా రుజువు చేయరాదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్‌లోనూ ఆ నియమమే ఉంది. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టు సమయంలో పాటించవలసిన పద్ధతులు నిర్దేశించింది. అరెస్టు పత్రం రాయాలి, దానిపై సాక్షి సంతకం ఉండాలి, బంధువుకో స్నేహితుడికో తెలియజేయాలి, నిర్బంధంలో ఉన్నంతకాలం 48 గంటలకొకసారి వైద్య పరీక్ష జరిపించాలి. మాటలు చక్కగానే ఉన్నాయి. కాని అవి పుస్తకంలో నుండి ఠాణాలోకి నడిచి రావాలంటే మధ్యలో ఒక మనిషి కావాలి. ఆ నియమాలు అర్ధరాత్రి రెండు గంటలకు, పైనుండి ఒత్తిడి ఉన్నప్పుడు, పత్రికల్లో గగ్గోలు లేచినప్పుడు ఎందుకు మరుగున పడతాయో తెలిసిన మనిషి. విశ్రాంత పోలీసు అధికారి బోధకుడైతే చేయగల అసలైన సేవ ఇదే. నియమం ఏమిటో ఏ అధ్యాపకుడైనా చెబుతాడు. దానిని మీరాలనే శోధన ఎప్పుడు, ఏ రూపంలో వస్తుందో, ఆ ఘడియలో "చేయను" అనడానికి ఏం ఖర్చవుతుందో అక్కడ నిలబడినవాడే చెప్పగలడు.

అయితే దానికి ఆయన ఒక మెట్టు దిగాలి. ఠాణాలో ఆయన ప్రశ్నించేవాడు, ఎదుటివాడు జవాబు చెప్పేవాడు. తరగతిలో ఇది తిరగబడాలి. వెనుక బెంచీలోని అమ్మాయి లేచి "సార్, మీ స్టేషన్‌లో ఎవరినైనా కొట్టారా?" అని అడిగితే, కోపం తెచ్చుకోకుండా, కథలు చెప్పి తప్పించుకోకుండా, నిజం పలకాలి. తన ఘనకార్యాలు మాత్రమే చెప్పేవాడు తరగతిలో కూడా యూనిఫాం విప్పనట్టే. పోలీసులంతా దుర్మార్గులని చెప్పి చప్పట్లు కొట్టించుకునేవాడూ తోటి ఉద్యోగులకు అన్యాయం చేసినట్టే. చూసింది చూసినట్టు చెప్పి, ఎదురు ప్రశ్నకు నిలబడినవాడికే బోధించే హక్కు. ఆ హక్కు గతంలోని హోదాతో వచ్చేది కాదు. ప్రతిరోజూ తరగతిలో సంపాదించుకోవలసింది.

మన భాషలో ఒక వింత ఉంది. విచారణ అనే మాటను మనం రెండు చోట్ల వాడుతాం. మన గురువుగారి కాపరిత్వంలో ఉన్న కుటుంబాల సముదాయాన్ని విచారణ అంటాం. పోలీసువారు పట్టుకుపోయి ప్రశ్నించడాన్నీ విచారణే అంటాం. ఒక విచారణ పేరు చెబితే ఆదివారం గంట గుర్తొస్తుంది. ఇంకో విచారణ పేరు చెబితే పేదవాడి గుండె దడదడలాడుతుంది. కాని విచారించడమంటే మొదటి నుండి ఉన్న అర్థం ఒకటే. బాగోగులు అడగడం, మంచిచెడ్డలు ఆలోచించి తెలుసుకోవడం. ఈ అర్థాన్ని ఠాణాలోకి తిరిగి తీసుకురాగలిగితే, ఖాకీ విప్పిన ఉపాధ్యాయుడు తన రెండో ఉద్యోగంలో మొదటి ఉద్యోగం కంటె గొప్ప పని చేసినట్టే.

ఇది అధ్యాపకుల పని మాత్రమే అనుకోకండి. మన కుటుంబాల్లో కానిస్టేబుళ్ళు ఉన్నారు, ఎస్.ఐ. పరీక్షకు చదువుకుంటున్న పిల్లలున్నారు. దొంగతనం జరిగిన ఇంట్లో కూర్చుని "పనిమనిషిని పట్టుకుని రెండు తగిలించండి, అదే చెబుతుంది" అనే పెద్దలూ ఉన్నారు. ఆ మాట భోజనాల దగ్గర విన్న పిల్లవాడు రేపు యూనిఫాం వేసుకుంటే ఏం చేస్తాడు? అకాడమీలో ఎంత గొప్ప ఆచార్యుడు నేర్పినా, ఇంట్లో నేర్చుకున్న పాఠం చేతికి ముందు గుర్తొస్తుంది. నేర న్యాయం మొదటి తరగతి మన వంటింటి చాపమీదే జరుగుతోంది. అక్కడ ఏ పాఠం చెబుతున్నామో ప్రతి తల్లీ తండ్రీ ఒకసారి విచారించుకోవడం మంచిది.